సాంబ మసూరి జన్యువు దిద్దారు సరే, రైతుని అడిగిందెవరు?

పై వీడియోలో కమల వరి గురించి చెప్పింది కొంచెమే. వీడియోలో నాలుగు నిమిషాలు దాటితే జనం జరిపేసుకుంటూ పోతారు కాబట్టి అసలు విషయం ఇక్కడ రాస్తున్నా. తీరిగ్గా చదవండి, కాస్త పొడుగే ఉంటది.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో రెండు కొత్త వరి రకాలు ప్రకటించారు. రెండూ జీనోమ్ ఎడిటింగ్ చేసినవి. అందులో ఒకటి మన రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థలో తయారైంది. పేరు డీఆర్ఆర్ ధాన్ 100, ముద్దుగా కమల. దాని తల్లి ఎవరో తెలుసా? మనం పండించే, మనం తినే సాంబ మసూరి. అదే బీపీటీ 5204. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన రకం. షామీర్‌పేట చెరువు కింద గానీ, మేడ్చల్ వైపు బోర్ల కింద గానీ సన్న బియ్యం అంటే ఇప్పటికీ చాలామందికి బీపీటీయే. నేను రసాయనాలు మానేసి జీవామృతంతో పండించి, పట్టించి, కొంపల్లి, అల్వాల్ అపార్ట్‌మెంట్లకి అమ్మేది కూడా ఇదే.

ఏం చేశారో ముందు చెప్తా, ఎందుకంటే వాట్సాప్‌లో తిరిగేది సగం అబద్ధం. వరి మొక్కలో సైటోకైనిన్ అనే హార్మోన్ ఉంటది. కంకిలో ఎన్ని గింజలు కట్టాలో నిర్ణయించేదాంట్లో దానికి పెద్ద పాత్ర. ఆ హార్మోన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి తయారుచేసే జన్యువు ఉంది. శాస్త్రవేత్తలు క్రిస్పర్ అనే కత్తెరతో ఆ జన్యువు దగ్గర కోశారు. మొక్క ఆ తెగిన చోటుని తనంతట తానే అతుక్కుంది, అతుక్కోవడంలో చిన్న తేడా వచ్చింది, జన్యువు పనిచేయడం తగ్గింది. హార్మోన్ ఎక్కువ మిగిలింది, గింజలు ఎక్కువ కట్టాయి. బీటీ పత్తిలో బ్యాక్టీరియా జన్యువు తెచ్చి పెట్టారు. ఇందులో చివరికి మిగిలిన మొక్కలో బయటి జన్యువు ఏదీ ఉండదు. కాబట్టి "విషం అన్నం వస్తోంది" అని ఫార్వర్డ్ చేసే మన ప్రకృతి వ్యవసాయం అన్నలకి ఒక దండం. అలా మాట్లాడితే మన మాటకి విలువ పోతది.

వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం సాంబ మసూరి హెక్టారుకి సగటున 4.5 టన్నులు వస్తే కమల 5.37 టన్నులు. ఎకరాకి చూసుకుంటే 18 క్వింటాళ్ల చోట 21 దాటుతుంది. పంటకాలం దాదాపు 20 రోజులు తక్కువ, అంటే కొన్ని తడులు మిగిలినట్టే. బోర్ల కింద సాగు చేసే మాకు ఆ చివరి తడుల విలువేందో తెలుసు. మంచిదే.

మరి నా బాధేంది?

2022 మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమోరాండం ఇచ్చింది. బయటి జన్యువు మిగలని ఇలాంటి ఎడిటింగ్ మొక్కలకి, 1989 నాటి జన్యుమార్పిడి నియమాల్లో ముఖ్యమైనవి వర్తించవు అని. అంటే బీటీ వంకాయకి పడ్డ అడ్డంకులు కమలకి లేవు. సంస్థలోని జీవభద్రత కమిటీ దగ్గర మొదలయ్యే ఒక చిన్న దారిలో బయటికి రావచ్చు. సైన్సు పరంగా దానికి కారణం చెప్తారు, వింటే కొంత సబబుగానే ఉంటది. కానీ ఆ మెమోరాండం రాసేటప్పుడు సాంబ మసూరిని ఇన్నేళ్లుగా పొలంలో నిలబెట్టినవాళ్లని ఊళ్లోకొచ్చి ఎవరు అడిగారు? మా మండలంలో ఒక్క మీటింగ్ నేను ఎరగను.

పోయిన యాసంగి బియ్యం ఇవ్వడానికి వెళ్తే కొంపల్లిలో ఒక పెద్దావిడ ఆపింది. "బాబూ, ఈ సాంబ మసూరి పాతదేనా, జీన్ మార్చిందా?" అంది. "పాతదే అమ్మా, విత్తనం మా ఇంట్లోదే" అన్నా. "నీ మాట నమ్ముతా గానీ, పది మంది అమ్ముతారు కదా, మాకెట్ల తెలియాలె?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే బీటీకైతే పట్టీ ముంచి చూసే కిట్ ఉంది, ఐదు నిమిషాల్లో తెలిసిపోతది. ఎడిటింగ్‌లో వెతకడానికి బయటి జన్యువే లేదు. ఎక్కడ కోశారో తెలిసిన ల్యాబ్ అయితే ఆ చోటు చదివి తేడా చెప్పగలదు గానీ, ఊళ్లో రైతుకి, మిల్లు వాడికి, ఆ పెద్దావిడకి అది అయ్యే పని కాదు. సేంద్రియ ధృవీకరణలో జన్యుమార్పిడి విత్తనం వాడకూడదు. ఎడిటింగ్‌ని ఆ లెక్కలో వేస్తారా, వేయరా అని కొనేవాళ్లు అడిగేది కంపెనీని కాదు, మనల్ని. బస్తా మీద రాయకపోతే రెండూ మిల్లులో కలిసిపోతాయి, అప్పుడు నా బియ్యం మీద నేను చెప్పే మాటకి సాక్ష్యం ఉండదు.

ఇవి ల్యాబ్‌లో తేలే ప్రశ్నలు కావు. దిగుబడి ఎంత, తెగులు ఆగుతుందా, ఇవి ల్యాబ్ ప్రశ్నలు. ఎవరికి లాభం, ఎవరి మీద భారం, ఎవరు నిర్ణయించాలి, తెలుసుకునే హక్కు ఎవరిది, ఇవి వేరే. వీటి కోసమే ఒక చదువు ఉంది. జీవశాస్త్రం వాళ్లు, లాయర్లు, సమాజశాస్త్రం వాళ్లు, నీతిశాస్త్రం వాళ్లు కలిసి కూర్చుని చేసే పరిశోధన. 1990లో మనిషి జీనోమ్ మొత్తం చదివే ప్రాజెక్టు అమెరికాలో మొదలైనప్పుడు, బడ్జెట్‌లో 3 నుంచి 5 శాతం ఈ ప్రశ్నల కోసమే పక్కన పెట్టారు. జన్యువు చదవడం వస్తే బీమా కంపెనీ ఏం చేస్తది, ఉద్యోగం ఇచ్చేవాడు ఏం చేస్తడు అని ముందే ఆలోచించడం అన్నమాట. మా అగ్రికల్చర్ డిప్లొమాలో విత్తనోత్పత్తి చెప్పారు, ఏ పంటకి ఎంత దూరం వదలాలో చెప్పారు, ఈ సంగతి మాత్రం ఒక్క పేజీ లేదు.

తమాషా ఏందంటే, ఇవన్నీ మా చుట్టే ఉన్నాయి. తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ, 1999లో మొదలైంది. టీకాలు, మందులు, ల్యాబులు. 2020 నవంబర్‌లో కొవాగ్జిన్ చూడ్డానికి ప్రధానమంత్రి వచ్చింది అక్కడికే. రాజీవ్ రహదారి పక్కన షామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. జవహర్‌నగర్ దగ్గర బిట్స్ క్యాంపస్. మేడ్చల్ పక్కన కండ్లకోయలో నూజివీడు సీడ్స్. మోన్‌శాంటోకీ వీళ్లకీ బీటీ జన్యువు పేటెంట్ మీద నడిచిన కేసు 2019 జనవరి 8న సుప్రీంకోర్టు తీర్పు దాకా పోయింది. విత్తనంలో కూర్చున్న జన్యువు మీద పేటెంట్ నిలుస్తుందా అన్నది అందులో ప్రశ్న. జన్యువు, చట్టం, వ్యాపారం, పొలం. బండి మీద తిరిగితే అర పూటలో అన్నీ చూసి ఇంటికి రావచ్చు. వీళ్లంతా ఒక టేబుల్ దగ్గర, రైతుతో సహా, కూర్చున్నది నేను చూడలేదు.

కానీ కూర్చున్న చోటు ఒకటి ఉంది. మన తెలుగు నేల మీదే, 2001లో.

జహీరాబాద్ దగ్గర ఆల్గోల్ అనే ఊరు. అప్పటికి మెదక్ జిల్లా. 2001 జూన్ 25 నుంచి జూలై 1 దాకా అక్కడ ప్రజాతీర్పు అని ఒకటి జరిగింది. పేరుకి తగ్గట్టే అది కోర్టు లాంటిది. అయితే జడ్జీలు రైతులు. 19 మంది జ్యూరీ, ఎక్కువ మంది ఆడవాళ్లు, చిన్న సన్నకారు రైతులు, దళితులు, గిరిజనులు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజన్ 2020 అని పెద్ద ప్రణాళిక పెట్టుకున్న రోజులు. వ్యవసాయం మీద బతికే జనాన్ని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడం, యంత్రాలు, కాంట్రాక్టు సాగు, జన్యుమార్పిడి పంటలు అందులో ఉన్నాయి. బ్రిటన్, ప్రపంచ బ్యాంకు డబ్బు ఆ ప్రభుత్వానికి వస్తున్న సమయం.

జ్యూరీ ముందు మూడు భవిష్యత్తులు పెట్టారు. ఎట్ల పెట్టారో చూడండి, వీడియోలు తీసి చూపించారు! ఒకటి విజన్ 2020 దారి. రెండోది ఎగుమతి కోసం సేంద్రియ సాగు. మూడోది ఊరి తిండి ఊళ్లోనే పండించుకుని, ఊరే తన వనరుల్ని చూసుకునే దారి. తర్వాత సాక్షులు వచ్చారు. ప్రభుత్వం వైపు, కంపెనీ వైపు, యూనివర్సిటీ, స్వచ్ఛంద సంస్థల వైపు. సాక్షి చెప్పేది విని, జ్యూరీ ప్రశ్నలు అడుగుతుంది. ఆఫీసర్ ఎదురుగా చాపలో కూర్చుని దరఖాస్తు పెట్టుకోవడం కాదు, ఆఫీసరే వచ్చి జవాబు చెప్పడం. జరిగేది సక్రమంగా ఉందా అని చూడ్డానికి వేరే పరిశీలకుల ప్యానెల్ ఉంది. లండన్‌లోని ఐఐఈడీ, బ్రిటన్‌లోనే ఉన్న ఐడీఎస్, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఇక్కడి జీవవైవిధ్య సంఘాలు కలిసి చేసిన పరిశోధన ఇది.

తీర్పులో జ్యూరీ మూడు సినిమాల్లో ఏ ఒక్కదాన్నీ ఉన్నది ఉన్నట్టు తీసుకోలేదు. తమ సొంత భవిష్యత్తు తామే చెప్పారు. స్వయం సమృద్ధి, నేల ఆరోగ్యం, రకరకాల పంటలు, చెట్లు, పశువులు, వనరుల మీద ఊరి పట్టు. వద్దన్నవి కూడా తేల్చి చెప్పారు: జన్యుమార్పిడి పంటలు, కాంట్రాక్టు సాగు, కూలీల పని తీసేసే యంత్రాలు, 70 నుంచి 40 అనే ఆ లెక్క. ఇప్పుడు ప్రకృతి వ్యవసాయం మీటింగుల్లో మనం చెప్పుకునేదంతా అక్కడ ఉంది.

2002 మార్చిలో ఆ నివేదిక బ్రిటన్ పార్లమెంటు భవనంలో విడుదలైంది. అక్కడితో గొడవ మొదలైంది. నిర్వాహకులు ముందే ఒక పక్షం వాళ్లు, 19 మంది రాష్ట్రం మొత్తానికి ఎట్ల ప్రతినిధులు అని బ్రిటన్ ప్రభుత్వ సహాయ సంస్థ వైపు నుంచి విమర్శలు వచ్చాయి. నా ఉద్దేశం అడిగితే, మొదటి మాటలో కొంత నిజం ఉంది. నడిపినవాళ్లలో చాలామందికి బీటీ మీద ముందు నుంచే అభిప్రాయం ఉంది, అది దాచిన సంగతి కూడా కాదు. రెండో మాట మాత్రం నేను ఒప్పుకోను. కోర్టులో జ్యూరీ అంటే ఎక్కడైనా పదీ ఇరవై మందే. వాళ్లు ఓట్లు లెక్కపెట్టడానికి కూర్చోరు, విని, అడిగి, ఆలోచించి కారణంతో చెప్పడానికి కూర్చుంటారు. విజన్ 2020 డాక్యుమెంట్ రాసిన కన్సల్టెంట్లు ఎంతమందికి ప్రతినిధులు అని ఎవరూ అడగలేదు కదా.

ఆ ప్రాంతం నుంచే ఇంకో సంగతి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. దళిత ఆడవాళ్లు, చాలామందికి చదువు రాదు. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక వాళ్లు వరంగల్ పోయి, బీటీ వేసిన రైతుల పొలాల్లో ఆ మొదటి సీజన్ అంతా తిరిగి షూట్ చేశారు. 2003లో సినిమాగా వచ్చింది, వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు కోపంగా ఉన్నారు అనేది దాని పేరు. ఫోన్‌తో వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టే మనమంతా కొత్తగా ఏదో చేస్తున్నామనుకుంటాం. ఆ సంస్థని నడిపించిన పీవీ సతీష్ గారు 2023 మార్చిలో పోయారు.

వరంగల్‌కే వచ్చిన ఇంకొకాయన గ్లెన్ డేవిస్ స్టోన్, అమెరికా మానవశాస్త్రవేత్త. ఈయన బీటీ మంచిదా చెడ్డదా అని అడగలేదు. రైతు పత్తి విత్తనం ఎట్ల ఎంచుకుంటున్నాడు అని అడిగాడు. ఏళ్ల తరబడి వరంగల్ ఊళ్లలో తిరిగి, ఎవరు ఏ ప్యాకెట్ కొన్నారు, ఎందుకు కొన్నారు రాసుకున్నాడు. 2007లో అచ్చయిన ఆయన వ్యాసం చదివితే గుండెలో కలుక్కుమంటది. ఒక ఊరు ఊరంతా ఈ ఏడాది ఒక బ్రాండ్ వెనక పరుగెత్తుతుంది, పక్క ఊరు ఇంకో బ్రాండ్ వెనక. పై ఏడాది రెండూ మారిపోతాయి. ఎందుకు కొన్నావంటే "అందరూ కొంటున్నరు" అనేదే జవాబు. వేసి, చూసి, నేర్చుకుని, మళ్లీ వేసే తీరిక లేకుండా కొత్త ప్యాకెట్లు వచ్చిపడుతుంటే రైతు నైపుణ్యమే అరిగిపోతుంది అన్నాడాయన. ఈ అరుగుదల బీటీతో మొదలైందని కూడా అనలేదు, హైబ్రిడ్ల కాలం నుంచే ఉంది, బీటీ దాన్ని ఇంకాస్త పెంచిందన్నాడు. ఫర్టిలైజర్ షాపు ముందు జూన్ నెలలో నిలబడి చూసిన ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. తెలిసిన సంగతిని లెక్కతో రుజువు చేశాడు.

కమల విషయంలో నాకు భయం ఇక్కడే ఉంది. వరిలో ఇంకా మన నైపుణ్యం మిగిలి ఉంది. బీపీటీ విత్తనం మనమే దాచుకుంటాం. కల్తీ కంకులు ఏరుతాం, ఏ మడిలోది విత్తనానికి ఉంచాలో ఇంట్లో ఆడవాళ్లకి తెలుసు. 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టంలో సెక్షన్ 39 కింద పండిన విత్తనం దాచుకోవడం, మళ్లీ వేయడం, పంచుకోవడం, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్మడం మన హక్కు. కమల ప్రభుత్వ సంస్థ తయారుచేసింది, సూటి రకం, కాబట్టి ఈ హక్కు దానికీ ఉండాలి. కానీ క్రిస్పర్ కత్తెర మీద ముఖ్యమైన పేటెంట్లు అమెరికా సంస్థల దగ్గర ఉన్నాయి. వాళ్లతో ఒప్పందం ఏందో, రేపు రైతు దగ్గరికొచ్చే షరతులేందో విత్తనం షాపుకి రాకముందే కాగితం మీద, తెలుగులో చూపించాలి.

నేను కొత్త సైన్సుకి వ్యతిరేకం కాదని చెప్పడానికి ఇదే సాంబ మసూరి ఉదాహరణ. దీనికి ఎండాకు తెగులు శత్రువు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెగులు తట్టుకునే మూడు జన్యువుల్ని మామూలు సంకరణంతోనే, డీఎన్ఏ గుర్తులు చూసుకుంటూ దీంట్లోకి తెచ్చారు. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అని 2008లో విడుదలైంది. మందు కొట్టని మనలాంటి వాళ్లకి అంతకంటే ఏం కావాలి? దాన్ని ఎట్ల తయారుచేశారో ఒక రైతుకి ఐదు నిమిషాల్లో చెప్పొచ్చు, ధృవీకరణ ఇచ్చేవాళ్లతో పేచీ లేదు.

అడగకుండా చేస్తే ఏమైతదో మన దగ్గరే ఒక చేదు పాఠం ఉంది, అది పంట సంగతి కాదు. 2009 జూలైలో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం చుట్టుపక్కల, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి వ్యతిరేకంగా హెచ్‌పీవీ టీకా కార్యక్రమం పెట్టారు. పాథ్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణలో చెప్పారు, ఆ టీకా ప్రపంచమంతా వాడుతున్నారు, క్యాన్సర్ ఆపుతుంది కూడా. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక బయటపెట్టింది వేరే సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్‌ది. 1,948 మీద వేలిముద్రలు. బిడ్డ ఒంటికి సూది వేస్తూ తల్లిదండ్రుల బదులు వార్డెన్ సంతకం చేశాడు. మంచి టీకా మీదే ఏళ్ల తరబడి జనానికి అనుమానం మిగిలింది.

మా జీనోమ్ వ్యాలీలో తయారైన కొవాగ్జిన్‌కి 2021 జనవరిలో ట్రయల్ పద్ధతిలోనే వాడాలని షరతుతో అనుమతి వచ్చింది. మొదట్లో వేసుకున్నవాళ్లు అంగీకార పత్రం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. అప్పుడు చాలామంది విసుక్కున్నారు, టీకాకి కూడా సంతకాలా అని. నాకైతే ఆ కాగితం బాగా నచ్చింది. సూదికి ఉన్న ఆ కాగితం విత్తనానికి ఎందుకు లేదు?

2024 జూలై 23న జన్యుమార్పిడి ఆవాల కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు అనుమతి విషయంలో విడిపోయారు. ఒక్క సంగతిలో మాత్రం ఒకటయ్యారు. జీఎం పంటల మీద జాతీయ విధానం తేవాలి, దానికి ముందు రైతు ప్రతినిధులతో సహా అందరినీ సంప్రదించాలి అని. సంప్రదింపు అంటే హోటల్ హాల్లో పవర్‌పాయింట్ వేసి, టీ ఇచ్చి, సంతకాల పుస్తకం తిప్పడం కాదు. 2010 మొదట్లో బీటీ వంకాయ మీద అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టారు. ఆ ధైర్యం మెచ్చుకోవాలి, ఫిబ్రవరిలో మారటోరియం కూడా వచ్చింది. కానీ అలాంటి సభలో గొంతు పెద్దదైనవాడిదే వినపడుతుంది. ఆల్గోల్‌లో మాత్రం మైకు సాక్షి దగ్గర ఉంటే, ప్రశ్న రైతు దగ్గర ఉంది.

అందుకే నేను అడిగేది చిన్నది. కమల మీద ఒక ప్రజాతీర్పు షామీర్‌పేటలో పెట్టొచ్చు. జ్యూరీని చిట్టీలు తీసి ఎంచాలి. అందులో బీపీటీ వేసే రైతులు, నాట్లేసే కూలి అక్కలు, మిల్లు వాళ్లు, కొంపల్లి పెద్దావిడ లాంటి కొనేవాళ్లు ఉండాలి. ఆల్గోల్ మీద వచ్చిన విమర్శ మళ్లీ రాకుండా సాక్షుల్ని సగం సంస్థ వాళ్లు, సగం వ్యతిరేకించేవాళ్లు పిలవాలి. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు మొదట మాట్లాడాలి, వాళ్ల కష్టం వాళ్లే చెప్పుకోవాలి. చట్టం సంగతి చెప్పడానికి నల్సార్ పిల్లలు నడిచొచ్చే దూరమే. జ్యూరీ "కమల కావాలి" అంటే నేను ఒప్పుకుంటా, నా మడిలో వేయను గానీ పక్క మడిలో వేసేవాడితో గొడవ పెట్టుకోను. బస్తా మీద ఏం రాయాలో మాత్రం ఆ తీర్పులో ఉండాలి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకీ ఒక జీవవైవిధ్య కమిటీ, ఒక రిజిస్టర్ ఉండాలి. పంచాయతీకి పోయి మన ఊరి రిజిస్టర్ చూపించమనండి. మీ ఇంటి బీపీటీ విత్తనం ఏ సంవత్సరం నుంచి దాస్తున్నారో, మొదట ఎవరి దగ్గర తెచ్చుకున్నారో, ఎవరెవరికి ఇచ్చారో అందులో ఎక్కించండి. వచ్చే వీడియోలో మా ఊరి రిజిస్టర్ తీసుకొచ్చి ఏ పేజీలో ఏం రాయించాలో చూపిస్తా. విత్తన వడ్లు ఈ వారమే ఎండబెడుతున్నాం, కావాల్సినవాళ్లు సంచి తెచ్చుకోండి.